ఎడమ సీటు, కుడి సీటు

హైదరాబాద్,
జూలై 3

మోతీరాం కాకకు,

రూప్లి రెండు చేతులూ జోడించి రాస్తున్న ఉత్తరం. మొన్న ఫోన్లో నేను చెప్పింది "సెలెక్షన్" అని. నువ్వు విన్నది "సస్పెన్షన్" అని. ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీ బస్సు ఇంజను పక్కన పెట్టుకున్న చెవులవి, వాటి తప్పేం లేదు. కానీ పది నిమిషాల్లో మంగ్లి చిన్నమ్మ ఏడుస్తూ మా అమ్మ దగ్గరికి పరుగెత్తిందట. అందుకే ఈ సంగతి ఇక ఫోన్లో మాట్లాడను. కాగితం మీద రాస్తే ఒకటి ఇంకొకటిగా వినబడదు.

జరిగింది ఇది. దేశంలోని పెద్ద విమాన కంపెనీల్లో ఒకటి నన్ను పైలట్‌గా తీసుకుంటామంటోంది. ఇప్పుడు నేనున్నది చిన్న కంపెనీ. నేను నడిపేది డెబ్బై మంది పట్టే, రెక్కలకు పంకాలున్న విమానం. ఎనిమిది నెలల కిందటే ఎడమ సీటు దొరికింది. పెద్ద కంపెనీలో జెట్ విమానాలు, దూర దేశాలు. కానీ అక్కడ చేరితే నన్ను కుడి సీట్లో కూర్చోబెడతారు.

ఈ నెల ముప్పై ఒకటిలోగా అవునో కాదో చెప్పాలి. మన ఇంట్లో నాకన్నా ముందు జనాన్ని ఎక్కించుకుని బండి నడిపినవాడివి నువ్వొక్కడివే. పోవాలా, వద్దా?

నీ బిడ్డ,
రూప్లి

తా.క. ఎవరికీ చెప్పకు. మా కంపెనీలో కూడా ఇంకా ఎవరికీ తెలియదు.

*

బాన్సువాడ,
జూలై 8

చల్లగా ఉండాల్సిన మా రూప్లికి,

కాక దీవించి రాస్తున్నాడు. ఉత్తరమంటే పుస్తకాల భాషలోనే రాయాలని ఏడో తరగతిలో మా సారు చెప్పాడు. అలాగే రాస్తున్నాను, నవ్వకు.

నీ ఉత్తరం చదివి నాకు కోపం, సంతోషం ఒకేసారి వచ్చాయి. ఎనిమిది నెలలు నిన్ను ఎడమవైపు కూర్చోబెట్టారా? బండిలో ఎడమవైపు ఉండేవి తలుపు, మెట్లు. స్టీరింగ్ ఉండేది కుడివైపు. పిట్లం మీదుగా జుక్కల్ దాకా పందొమ్మిదేళ్లు నేను కూర్చున్నది కుడివైపే. పోనీలే, పెద్ద కంపెనీ వాళ్లయినా నీ విలువ తెలుసుకున్నారు. తప్పకుండా వెళ్లు.

ఎవరికీ చెప్పలేదు. రషీద్ భాయ్‌కి మాత్రం చెప్పాను. పద్నాలుగేళ్లు నా కండక్టరు, పరాయివాడు కాదు. "అరె మోతీరాం, గిన్నొద్దులు పోరిని పక్కకు కూసోబెట్టిండ్రా? ఇగ స్టీరింగ్ చేతికొచ్చింది. దావత్ జెయ్యాలె!" అన్నాడు. అన్నది బస్టాండు హోటల్లో కాబట్టి మిగతా వాళ్లూ విన్నారు. వచ్చే ఆదివారం తర్వాతి బుధవారం తండాలో దావత్.

ఇట్లు,
నీ కాక మోతీరాం

తా.క. ఇన్నాళ్లూ నువ్వు కెప్టెన్‌వని ఊరంతా చెప్పాను. అబద్ధమని ఇప్పుడు తెలిసినా నీ కోసం ఆడిందే కాబట్టి నాకేం బాధ లేదు.

*

హైదరాబాద్,
జూలై 12

కాకా,

దండాలు తర్వాత, ముందు దావత్ ఆపు.

విమానంలో నడిపే పరికరాలు రెండు వైపులా ఉంటాయి. కెప్టెన్ కూర్చునేది ఎడమవైపు. కుడివైపు కూర్చునేది ఫస్ట్ ఆఫీసర్. కుడివైపు వాళ్లూ నడుపుతారు, కానీ చివరి మాట ఎడమవైపు వాళ్లది. అంటే నేను పెద్ద విమానం ఎక్కడానికి ఒక మెట్టు దిగాలి. కొన్ని రోజులైతే యూనిఫాం వేసుకుని, పిలుపు వస్తుందేమోనని ఇంట్లో ఫోన్ ముందు కూర్చోవాలి. మీ డిపోలో స్పేర్ డ్రైవరులాగా.

ఇక్కడ మెకానిక్ హన్మాండ్లు అన్నకు నా అడుగుల చప్పుడు కూడా తెలుసు. ఏ ఊళ్లో ఏ నెలలో గాలి ఎటు నుంచి కొడుతుందో నాకు తెలుసు. దిగితే మళ్లీ ఎప్పుడు ఎక్కుతానో అని భయం. దిగకపోతే ఈ ఆరు ఊళ్ల మధ్యే తిరుగుతూ ముసలిదాన్నవుతానని భయం. ఒక రోజు అవును అనిపిస్తుంది, మర్నాడు కాదు అనిపిస్తుంది. అన్నం తింటుంటే కూడా ఇదే తూకం.

సరిగ్గా ఆలోచించి రాయి.

రూప్లి

తా.క. నేను కెప్టెన్‌నే. అబద్ధమని ఎవరెవరికి చెప్పావో వాళ్లందరి దగ్గరికీ మళ్లీ వెళ్లు.

*

బాన్సువాడ,
జూలై 17

బిడ్డా రూప్లీ,

దావత్ ఆగలేదు. నీ ఉత్తరం అందేసరికి మేక కూర సగం ఉడికింది. అందరూ అడిగితే గట్టిగా చదివాను. చదవడం అయ్యాక రషీద్ భాయ్ మెల్లగా అడిగాడు: "మోతీరాం, మన దగ్గర డ్రైవర్ను స్టీరింగ్ మీదికెళ్లి ఎప్పుడు దింపుతరు?"

నా సర్వీసులో నేను చూసింది ఒక్కటే. యాక్సిడెంటు చేస్తే దింపుతారు.

దాచకు బిడ్డా. ఏం తగిలింది? పక్షా, స్తంభమా? ఎదురుగా ఇంకో విమానం వచ్చిందా? నాకూ ఒకసారి మద్నూర్ రోడ్డు మీద లారీ అద్దం రాసుకుంది. దానికే మూడు రోజులు అన్నం సయించలేదు. నీకు ఎలా ఉందో నాకు తెలుసు.

నువ్వు ఒంటరిదానివి కావు. డిపోలో హెడ్ క్లర్క్‌గా చేసి రిటైరైన వెంకట్రావు సారు అక్కడే ఉన్నాడు. వెంటనే అర్జీ రాశాడు. "మా రూప్లి కావాలని ఢీకొట్టలేదు. ఎదుటివారి తప్పు కూడా విచారించి, ఎడమ సీటు ఆమెకే ఉంచగలరని ప్రార్థన." నలభై రెండు సంతకాలు, పదకొండు వేలిముద్రలు. అదే రోజు కంపెనీ పైసార్లకు రిజిస్టర్ పోస్టులో పంపించాను.

ధైర్యంగా ఉండు.

నీ కాక

తా.క. దావత్‌ను ఓదార్పు భోజనంగా మార్చాం. కూర అదే.

*

హైదరాబాద్,
జూలై 21

కాకా!

నేను దేనినీ ఢీకొట్టలేదు. పక్షిని కొట్టలేదు, స్తంభాన్ని కొట్టలేదు. ఆకాశంలో స్తంభాలు ఉండవు!

పైలట్‌ను ఉద్యోగంలోకి తీసుకోబోయే కంపెనీకి, ఆ పిల్ల యాక్సిడెంటు చేసిందని ఆమె సొంత ఊరివాళ్లు యాభై మూడు మంది రాసిచ్చారు. ఇక నన్నెవరు తీసుకుంటారు?

నీ ఉత్తరం చదివి మంచం మీద కూర్చుండిపోయాను. కోపం కాదు, ఏడుపొచ్చింది. మూడు వారాలుగా పోవాలా వద్దా అని కొట్టుకుంటున్నదాన్ని కదా. ఆ దారి మూసుకుపోయిందనుకోగానే తెలిసింది. నాకు పోవాలనే ఉంది కాకా. కుడి సీటైనా సరే, ఫోన్ ముందు కూర్చోబెట్టినా సరే. మొదటిసారి విమానం నడిపిన రోజు ఎలా ఉందో, ఆ జెట్‌ను తలుచుకుంటే అలా ఉంది. అది తెలిసేసరికి పోయింది.

రేపో ఎల్లుండో ఏదో ఒక కబురు వస్తుంది. నిన్ను తిట్టాలని కూర్చున్నాను, చేతకావడం లేదు.

రూప్లి

తా.క. ఆ అర్జీని ఎలాగైనా వెనక్కి తెప్పించు.

*

బాన్సువాడ,
జూలై 24

బిడ్డా,

మొహం చూపించలేక రాస్తున్నాను. పోస్టాఫీసు తలుపు తీయకముందే వెళ్లి నిలబడ్డాను. అర్జీ ఎప్పుడో చేరిపోయింది. అందినట్టు సంతకం పెట్టి, ముద్ర వేసిన కార్డు కూడా నిన్న ఇంటికొచ్చింది. ఆ ముద్ర చూడలేక కార్డును బోర్లించి పెట్టాను.

నిన్ను అడగకుండా ఎందుకు చేశానంటే, నాకు భయమేసింది. నువ్వు పైన ఉన్నప్పుడు నేను కింద ప్రతి రోజూ భయపడతాను. ఎవరికీ చెప్పలేదు.

ఇంకొకటి కూడా ఎవరికీ చెప్పలేదు. ఒకప్పుడు నాకు హైదరాబాద్ పోయే కొత్త బస్సు ఇస్తామన్నారు. మొదటి ఏడాది స్పేరుగా ఉండాలన్నారు. జుక్కల్ దారిలో జనం నన్ను పేరుపెట్టి పిలుస్తారు, నేనెందుకు స్పేరుగా ఉండాలని వద్దన్నాను. ఏడవలేదు. హాయిగానే బతికాను. కానీ ఆ బస్సు హారన్ వినబడితే ఇప్పటికీ తల తిప్పి చూస్తాను. అందుకే చెబుతున్నాను, దారి ఇంకా మూసుకోకపోతే వెళ్లు. మూసుకుంటే నేనే వచ్చి వాళ్ల కాళ్లు పట్టుకుంటాను.

మీ అమ్మ హేమ్లికి అంతా చెప్పాను. "ఎడమకు కూసుంటే ఏంది, కుడికి కూసుంటే ఏంది? కింద పడకుంటే సాలు" అంది.

తప్పు చేసిన నీ కాక

తా.క. రషీద్ భాయ్ నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. అర్జీలో మొదటి సంతకం అతనిదే.

*

హైదరాబాద్,
జూలై 29

మోతీరాం కాకకు,

కూర్చుని చదువు. మంచి కబురే.

మొన్న మా చీఫ్ పైలట్ కెప్టెన్ రవికుమార్ సారు గదిలోకి పిలిచాడు. బల్ల మీద మీ అర్జీ ఉంది! నేను ఉత్తరాలు పంపేది మా కంపెనీ కవర్లలో కదా. నువ్వు ఆ కవరు మీద అచ్చయిన అడ్రసు చూసి రాశావు. అర్జీ పెద్ద కంపెనీకి పోనే లేదు కాకా. ఇక్కడికొచ్చింది!

ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో భయం. రాజీనామా ఇవ్వకముందే దొరికిపోయాను. సారు అర్జీ మొత్తం పైకి చదివాడు. "ఎదుటివారి తప్పు కూడా విచారించి" దగ్గర రెండుసార్లు ఆగాడు. "ఎక్కడికి పోతున్నావమ్మా?" అన్నాడు. చెప్పేశాను. ఆయన లేచి తలుపు వేసి, సొరుగులోంచి ఒక కాగితం తీశాడు.

అదే కంపెనీ, అదే ఉత్తరం. ఆయన పేరు మీద. గడువు మాత్రం ఆగస్టు పదిహేను దాకా.

పందొమ్మిదేళ్లు కెప్టెన్‌గా చేసిన మనిషి! ఆయన కూడా అక్కడ కుడి సీటులోనే మొదలుపెట్టాలట. "నీకు చెప్పుకోవడానికి ఊరంతా ఉంది. నేను పది రోజులుగా ఇంట్లో కూడా నోరు విప్పలేదు" అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన నాకన్నా చిన్నవాడిలా కనిపించాడు.

నేను నిన్ననే అవునని సంతకం చేసి పంపాను. ఇన్నాళ్లకు కడుపునిండా తిన్నాను. అమ్మకు చెప్పు, కింద పడను.

నువ్వు వద్దన్న హైదరాబాద్ బస్సు సంగతి సారుకు చెప్పాను. నీ పేరేంటని అడిగాడు. తర్వాత నీకొక ఉత్తరం రాశాడు, దీంతోపాటే పెట్టాను. పోవాలా వద్దా అని నిన్నే అడుగుతున్నాడు.

నీ బిడ్డ,
రూప్లి

తా.క. ఆ కంపెనీలో ఒక్క రోజు ముందు చేరినా, వెనక వచ్చినవాళ్లకు జీవితాంతం సీనియర్లే. ఇప్పుడు ఆయన అవునన్నా, నాకన్నా వారం ఆలస్యంగా చేరతాడు. నేను విమానం దింపిన ప్రతిసారీ "కుదుపెక్కువైంది" అనే మనిషి, కాకా. తప్పకుండా పొమ్మని రాయి. నింపాదిగా రాయి.