ఒక పంజా, రెండు దుంగలు

మన సూరి వాళ్ళ తాతకు,

మీరు పోయి నేటికి ఏడాది. హిందూపురంలో మన కట్టెల అడితిని ఇప్పుడు మనవడు సూరి చూసుకుంటున్నాడు. ట్రాక్టరు ముందు బరువులెత్తే ఇనుప కొమ్ముల్లాంటి ఫోర్కుల మీంచి దుంగలు దొర్లిపోకుండా పైనుంచి అదిమిపట్టే ఇనుప పంజా ఒకటి సొంతంగా తయారుచేశాడు. పెనుకొండలో పాత ఇనుము కొని, నెల రోజులు వెల్డింగు చేసి, పచ్చరంగు కూడా వేశాడు. రంగుకు వంక పెట్టలేను.

పంజా అంతా ఒకే ముక్క. లావు దుంగనూ సన్న దుంగనూ కలిపి ఎత్తితే లావుదాని దగ్గరే ఆగిపోతుంది. సన్నది వదులుగా ఉండిపోతుంది. దాన్ని చేత్తో పట్టుకుని పక్కన నడవడానికి మళ్ళీ ఒక మనిషి! పంజాను నడిమికి కోసి, ఏ సగం కింది దుంగను ఆ సగమే అదిమేలా ఒక్కోదానికి ఒక్కో జాకీ పెట్టమని వారం నుంచి చెబుతున్నాను.

“అవ్వా, నువ్వు బడిలో లెక్కలు చెప్పినావు గానీ వెల్డింగు చెప్పినావా?” అన్నాడు.

“లెక్క తప్పితే బడిలో మార్కులు పోతాయి. ఈడ మనిషే పోతాడప్పా.”

“ఇన్ని దినాలు ఎత్తినాం. ఏమన్నా అయిందా?”

ఆ మాట మీరూ అనేవారు. మీ మీద పడింది సన్న దుంగే.

ఈ పొద్దున డ్రైవరును ట్రాక్టరు ఎక్కించి, సూరి తానే దుంగ పట్టుకోబోయాడు. నేను కుర్చీ తెచ్చి ట్రాక్టరు ముందు వేసుకుని కూర్చున్నాను. కూలీలు నవ్వారు. మధ్యాహ్నం దాకా ఒక్క కట్టె కదలలేదు.

“అవ్వా, లేయ్. రేపు కోస్తాలే,” అన్నాడు చివరకు.

నాకేం తొందర లేదు. ఈ ఉత్తరం ఆ కుర్చీలోనే రాస్తున్నాను.