నొప్పి లేని నోరు

జనవరి 8, 1968

ఇవాళ ముప్ఫై ఒక్క నోళ్ళు చూశాను! చేతిలో టార్చి, చెంచా, భుజాన మా హెల్త్ సెంటరు నోటి పరీక్ష కార్డుల సంచి. భోగాపురం దాటాక అంతా ఇసుక... పల్లె చేరేసరికి చెప్పులు చేతిలోకొచ్చాయి. ఇక్కడి ఆడవాళ్ళంతా అడ్డపొగే. చుట్ట నిప్పు నోటి లోపల, వెలిగించని కొస బయట! చూస్తుంటే నాకే నాలుక చుర్రుమంది.

ముందు ఒక్కరూ నోరు తెరవలేదు. "పళ్ళు పీకీడానికొచ్చేరే!" అని తడికల వెనక్కి పరుగు. నూకాలమ్మ అనే ఆవిడ చేపల గంప దించి, చుట్ట తీసి, "ఏటి సూస్తావో సూడు నర్సమ్మా" అంటూ నా ముందు చతికిలబడింది. ఆ తర్వాత ఆవిడే ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. "ఒసే, మొగుణ్ణి తిట్టినప్పుడు తెరుస్తావే, అంత తెరు!"

నవ్వలేక చచ్చాను.

జనవరి 9

నిప్పు లోపలెందుకని అడిగాను.

"గాలికి ఆరిపోదు గదమ్మా. నెత్తిన గంపుంటే సేతులు కాళీ ఉంటాయేటి? రవ్వ వల మీద పడితే మా మొగోళ్ళు ఊరుకుంటారా?"

మరి కాలదా?

"కొత్తలో కాల్తాది, పొక్కుతాది. తరవాత నోరు కాగిపోతాది, కొత్త కుండ కాగినట్టు. ఇంక నొప్పే నేదు."

ఎంత బాగా చెప్పిందో!

జనవరి 10

భలే ఉపాయం తట్టింది. నొప్పి ఉందన్నవాళ్ళ కార్డులు పట్నం నుంచి వచ్చి చూసే డాక్టరమ్మకి, లేదన్నవాళ్ళ కార్డుల మీద 'బాగుంది'. పని చకచకా సాగింది. నలభై రెండు! మొన్న చూసిన నూకాలమ్మ అంగిలి మీద పెసరగింజంత పుండు. నొప్పి లేదంది. బాగుంది.

ఫిబ్రవరి 19

డాక్టరమ్మ ఇంకా రాలేదు. జీపు లేదట.

ఏప్రిల్ 6

వచ్చారు. కార్డులు చూపించి మెచ్చుకుంటారని నిలబడ్డాను. ఆవిడ తెల్లబారిన అంగిళ్ళు చూపిస్తూ పాఠం చెప్పారు — క్యాన్సరు మొదట్లో నొప్పి పెట్టదు, నొప్పి కోసం ఆగితే ఆలస్యమైపోతుంది.

'బాగుంది' కార్డులు ఎన్ని రాశాను! పని ఎక్కువైందేమో, ఆవిడ ఆ కట్ట విప్పలేదు. నేనూ విప్పమనలేదు.

ఏప్రిల్ 7

తెల్లారగానే పల్లెకి పరుగు. అందరి నోళ్ళూ మళ్ళీ చూశాను. నూకాలమ్మది... రూపాయి బిళ్ళంత. అంచులు గట్టిగా.

"నొప్పి నేదంతంటే ఇనవేటి?"

డాక్టరమ్మ ఓసారి చూస్తానన్నారని అబద్ధం చెప్పాను. నా తప్పు చెప్పలేదు. బతిమాలాను, కోప్పడ్డాను, ఏడుపొక్కటే తక్కువ.

"సర్లే, నీ కోసం వొస్తాను."

వస్తానంది! వస్తానంది!!

ఏప్రిల్ 9

పట్నం ఆసుపత్రి. అంగిలి నుంచి చిన్న ముక్క తీశారు పరీక్షకి. కిక్కురుమనలేదు. నా చేతి మీద మాత్రం ఆవిడ గోళ్ళ గాట్లు.

ఏప్రిల్ 20

అదే. క్యాన్సరే. అంగిలి చాలావరకు తీసేయాలి. "మూడు నెలల ముందు దొరికుంటే చిన్న కోతతో పోయేది" అన్నారు డాక్టరమ్మ. నేలచూపులు చూశాను.

ఏప్రిల్ 22

ఈ సంగతి రాయకుండా ఉండలేను. పల్లె ఆడవాళ్ళు పదిహేను మంది, పిలవకుండానే, మా సెంటరుకి నడిచొచ్చారు! నోళ్ళు తెరుచుకుని వరసలో నిలబడ్డారు. "నూకాలప్పకి నొప్పి నేకుండానే వొచ్చిందట గదా, మాకూ సూడు." ఒకావిడ చుట్టల కట్ట నా బల్ల మీద పడేసి, "నీకాడే ఉంచు, అడిగినా ఇయ్యకు" అంది. గంటలో మళ్ళీ ఆవిడే అడిగింది. ఇవ్వలేదు! తిట్టిపోసింది. ఎంత సంతోషమేసిందో.

ఏప్రిల్ 24

పట్నం. రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఆపరేషను.

పక్క మంచం ఆవిడతో నూకాలమ్మ గొప్పలు: "మా నర్సమ్మ కన్నే కన్ను! ఈ పిల్ల పట్టీసింది గానీ, నేకపోతే నాను పోదును." నన్ను దగ్గరికి లాక్కుని బుగ్గలు పుణికింది. "నువ్వు సెప్పేవనే కోతకి ఒప్పుకున్నాను. ఇంకెవులు సెప్పినా ఒప్పుకోనే."

నవ్వాను. తలూపాను కూడా. సిగ్గులేని మొహం.

చెప్పాలి. ఆపరేషను బల్ల ఎక్కకముందే ఆ 'బాగుంది' కార్డు సంగతి చెప్పాలి. చెబితే ఎక్కుతుందా?