మురుగు పోవాలని ఎత్తిన చేతులు

ఏలూరు, ప్రకృతి సూత్ర పాలనా పథకం ప్రత్యేకాధికారి గారి దివ్యసముఖమునకు

అయ్యా,

విషయం: మా ఊరి మురుగు కాలువను ప్రజాభీష్టం మేరకు పూడ్చినందున నా చేను మునుగుట గురించి.

గుండుగొలను దగ్గర, కొల్లేటికి నీరు దిగే పల్లంలో వరి సాగు చేసుకొను బాలసరస్వతి విన్నవించుకొనునది.

1. తమ సలహాదారు గోపీచంద్ గారు హైదరాబాదు నుండి మా గ్రామసభకు విచ్చేసి, చీమలు ఏ విధముగా కలిసి నిర్ణయించుకొనునో తెరమీద బొమ్మలు చూపి, మనుషులు సైతం అటులే చేయవలెనని సెలవిచ్చిరి. చీమలు పల్లమెటో చూసుకుని మరీ పుట్ట పెడతాయి. తమవారు ఆ బొమ్మ దాకా రాలేదు.

2. అనంతరం వారు "మురుగు పోవాలన్నవాళ్ళు చేతులెత్తండి" అనిరి. ఇక్కడ మురుగంటే చేలో ఎక్కువైన వాన నీరు. అది కొల్లేటికి పోకపోతే పైరు బతకదు. కనుక అందరమూ ఎత్తితిమి. పక్కచేను మణెమ్మ రెండు చేతులూ ఎత్తినది. వారేమో అది ఊరి కంపు కాలువ అనుకుని, దాన్ని తీసేయమన్నామని ఏకగ్రీవ తీర్మానం రాసుకొనిరి. మట్టితో పూడ్చి, పైన నడకదారి వేసి పూలకుండీలు అమర్చిరి. "సుస్థిర విన్యాసం" అని బోర్డు కూడా కలదు. ఆ దారిన ఇంతవరకు గేదెలు తప్ప ఎవరూ నడవలేదు.

3. మొన్నటి వానకు నీరు నా చేలోనే నిలిచినది. గోపీచంద్ గారికి ఫోను చేసి, "ఏవండీ, మరి మురుగెటు పోద్దండీ?" అని అడిగితిని.

"ఇంకెక్కడి మురుగండీ, మీరేగా వద్దన్నారు" అనిరి. మార్చాలంటే మళ్ళీ సభ పెట్టాలట, కోరం ఉండాలట. నీళ్ళు కోరం కోసం ఆగవు.

4. చేను పొట్టమీదున్నది. మా ఆయన పోయాక నా చేత్తో నిలబెట్టిన తొలి పంట. ఇంకా నానితే గింజ కట్టదు. గట్టుమీద నిలబడి చూడలేకపోతున్నానండీ. నవ్వాలో తిట్టాలో తెలియక తిడుతున్నాను, మన్నించవద్దు.

కావున సభలతో పని లేకుండా పూడిక తవ్వించవలెననియు, ఈ అర్జీని తమ తీరికను బట్టి గాక నా చేలో నీటిమట్టాన్ని బట్టి చిత్తగించవలెననియు ప్రార్థన.

తమ విధేయురాలు,
బాలసరస్వతి

తా.క.: ఇది మడిచేలోగా మణెమ్మ పార పట్టుకుని వచ్చింది. "అర్జీ తర్వాత పంపుదువు గానీ, రా వదినా" అంది. వెళ్తున్నాను. మీ పూలకుండీలు ఒడ్డున పెట్టి ఉంచుతాము, మనిషిని పంపి తీసుకెళ్ళండి. ఊరంతా పారలెత్తింది. దీన్ని కూడా ఏకగ్రీవమనే రాసుకోండి.