తిరగబడ్డ బొమ్మలో బావి

మార్చి 4
అక్కకి పిచ్చెక్కిందని నేననను. కానీ వంటగది గచ్చు కింద రోజూ ఒంటిగంటకి నీళ్ల చప్పుడు వస్తోందట. బావ వచ్చి చేతులు కడుక్కుంటున్నాడట. బావ పోయి ఆరు నెలలు. బస్సు డిపోలో మెకానిక్. లంచ్‌కి ఇంటికొచ్చి, గ్రీజు వదిలేదాకా పావుగంట కడిగేవాడు. పైపు లీకవుతోందేమో అన్నాను. ప్లంబర్ వచ్చి చూశాడట. అక్కడసలు పైపే లేదట.

మార్చి 6
నేనూ విన్నాను.

మార్చి 9
మ్యూజియంలో నా పని పాత బొమ్మలు స్కాన్ చేయడం. రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చేసినవి, ఈ ఊరివే, నూట యాభై ఏళ్లనాటివి. ఇవాళ అక్కావాళ్ల వీధి దొరికింది. గంటస్తంభం ఇప్పటికీ ఉన్నదే. పక్కన పెద్ద బావి, చుట్టూ ఆడవాళ్లు. చప్పుడు ఈ పాత బావిదేనన్నమాట, ప్రాణం లేచొచ్చింది.

తీరా చూస్తే బావి స్తంభానికి ఎడమవైపు. అక్క ఇల్లు కుడివైపు. అక్కడ ఉత్త ఖాళీ నేల, ఓ కుక్క. మరి నేను విన్నదేంటి?

మార్చి 13, ఉదయం 11
బొమ్మలో మంగలి ఎడమచేత్తో గడ్డం గీస్తున్నాడు. వడ్రంగి సుత్తీ ఎడమచేతిలోనే. ఊరు ఊరంతా ఎడమచేతివాటమా! క్యూరేటర్‌ గారిని అడిగితే నవ్వారు. రేకు మీద చెక్కింది అచ్చులో కుడి ఎడమగా తిరగబడుతుందట, అందుకని ముందే తిప్పి చెక్కాలట. ఈ బొమ్మ చెక్కిన మహానుభావుడు మర్చిపోయాడు. అంటే బావి కుడివైపు. సరిగ్గా అక్క వంటింటి కింద.

ఎగిరి గంతెయ్యాలి నేను. ఏడుపొచ్చింది. చెబితే అక్కకి బావ మళ్లీ పోతాడు. చెప్పకపోతే, గచ్చు కుంగి అక్కే పోతుందేమో.

మార్చి 14
చెప్పేశాను. తిట్టలేదు. తిట్టినా బావుండేది. ఆ కాస్తా కూడా నాకు లేకుండా చేశావే అంది, అంతే.

మార్చి 17
మేస్త్రీ గచ్చు తవ్వాడు. నాలుగడుగుల లోతున గుండ్రంగా బావి గట్టు. నా లెక్క తప్పలేదు. కానీ బావి నిండా బండరాళ్లు, సున్నం. ఎన్నడో దట్టించి పూడ్చేశారు. గడ్డపార దిగలేదు. ఇల్లు కుంగదు, భయం లేదన్నాడు మేస్త్రీ. చుక్క తడి లేదు, ఇక్కడ నీళ్ల చప్పుడేంటమ్మా అని నన్నే అడిగాడు.

అక్క నా వైపు చూడనైనా చూడలేదు. గచ్చు మళ్లీ వేయమంది.

మార్చి 20
అక్కతో భోజనానికి కూర్చున్నాను. ఒంటిగంటకి చప్పుడు మొదలైంది. పావుగంటకి ఆగింది. నేను కూర్చున్నది బావ కూర్చునే చోటట, కాస్త జరగమంది అక్క.

జరిగాను.