ఐదో అంతస్తు పెద్దావిడ

మేడ్చల్,
శనివారం, ఉదయం.

ప్రియమైన అమ్మకు,

నీ పెద్ద బిడ్డ క్రిస్టీనా ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ స్టీఫెన్ క్షేమం, భవిత క్షేమం. ఎప్పుడూ అందరం క్షేమం అని ఒక్క మాటలో రాసేసేదాన్ని. ఈసారి నన్ను కూడా అందులో కలపడానికి చెయ్యి రావడం లేదు. జబ్బేమీ లేదు, కంగారు పడకు. భయం ఉంది, అంతే. పోస్టాఫీసు బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. బయట బండి ఆగిన చప్పుడైతే చాలు, తలెత్తి చూస్తున్నాను. అక్షరాలు వంకరపోతే అందుకే అనుకో.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. స్టీఫెన్ దగ్గు తగ్గింది. దూలపల్లి వర్క్‌షాపులో అతన్ని గ్రైండింగు దగ్గర నుంచి లేతు మిషను మీదికి మార్చారు, అక్కడ దుమ్ము తక్కువ. భవిత సండే స్కూల్లో పాట పాడింది. రెండో చరణం మరిచిపోయి, మొదటి చరణమే మళ్ళీ పాడి దర్జాగా వచ్చి కూర్చుంది. నువ్వు పంపిన చింతకాయ తొక్కు అప్పుడే సగం సీసా ఖాళీ అయింది. దొంగ నీ అల్లుడే, నేను వేరే చెప్పక్కర్లేదు. నీకు సరిగ్గా వినబడక, చెవి దగ్గరికొచ్చి అరవలేక, నువ్వు వండిపెట్టే హాస్టలు పిల్లలు పలక మీద రాసి చూపిస్తున్నారని రాశావు కదా, చదివి నవ్వుకున్నాను. నీ పుణ్యమా అని జోగిపేట పిల్లల దస్తూరీ బాగుపడుతోందన్నమాట.

ఇంకో మాట కూడా అడిగావు. "మందిరంల సాక్ష్యం చెప్పుడు ఎందుకు బంద్ చేసినవ్ బిడ్డా?" అని. పాస్టరమ్మ నీకు రాసి ఉంటుంది. దానికి జవాబు చెప్పాలంటే నా ఉద్యోగం గురించి చెప్పాలి. అద్దె ఇళ్ళ ఆఫీసులో పని అని మాత్రమే నీకు ఇన్నాళ్ళూ చెప్పాను.

మా జనార్ధన్ సార్‌కు శామీర్‌పేట దగ్గర, లాల్‌గడి మలక్‌పేట్ దాటాక, తులసమ్మ టవర్స్ అని మూడు బ్లాకులున్నాయి. వాళ్ళమ్మ పేరు. వాటిలోకి అద్దెకు మనుషులను రప్పించడం నా పని. ఖాళీ ఫ్లాటు నేల తడిబట్టతో తుడిపించి, తడి ఆరకముందే ఫోటో తీస్తే గది పెద్దదిగా మెరుస్తూ కనిపిస్తుంది. పక్కనున్న కోళ్ళ ఫారం పడకుండా కెమెరా ఎటు తిప్పాలో కూడా నాకు బాగా తెలుసు. ఇందులో తప్పేముంది, పెళ్ళిచూపులకు పిల్లకు పౌడరు రాయరా అనుకునేదాన్ని.

తర్వాత నక్షత్రాల పని వచ్చింది. ఇల్లు వెతుక్కునేవాళ్ళు ఫోన్లో బిల్డింగు పేరు కొడితే, అక్కడ ఉన్నవాళ్ళు రాసిన మంచీ చెడూ కనిపిస్తాయమ్మా. బాగుంటే ఐదు నక్షత్రాలు, బాగాలేకపోతే ఒకటి. మా బిల్డింగుకు అన్నీ ఒకట్లూ రెండ్లే. నీళ్ళు రావని, అడిగితే తిడతారని రాసేవాళ్ళు. ఫోన్లో ఇంత చెడ్డపేరు ఉంటే బ్లాకులు నిండవని, నన్నే కొత్త పేర్లతో మంచి మాటలు రాయమన్నాడు సార్.

నాకా పని ఎంత సులువుగా వచ్చిందో చెప్పడానికి సిగ్గేస్తోంది. ప్రభువు చేసిన మేలును అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాలు, రాయడం రాని ఆడవాళ్ళకు మందిరంలో నేను రాసిపెట్టేదాన్ని కదా, వాళ్ళ నోటి మాటల్లోనే. నువ్వు నేర్పిన పద్ధతే. ముందు కష్టం చెప్పాలి, ఆ తర్వాతే మేలు చెప్పాలి, కష్టం చెప్పనివాళ్ళ మేలును ఎవరూ నమ్మరు అనేదానివి. ఇక్కడా అలాగే రాశాను. పార్కింగు కాస్త ఇరుకేగానీ నీళ్ళకు లోటు లేదు, మొదట్లో ఊరికి దూరమనిపించిందిగానీ ఇప్పుడు వదలబుద్ధి కావడం లేదు, ఇలాగ. పేర్లు కూడా మన మందిరంలో ఆడవాళ్ళవే పెట్టాను. రెబెక్కా, బాలమణి, ఎవరు గుర్తొస్తే వాళ్ళు. సార్ చదివి మురిసిపోయాడు. "నీ చేతిల ఏదో ఉన్నదమ్మా. సదువుతుంటే నాకే ఆడ కిరాయికి ఉండబుద్ధయితాంది" అన్నాడు.

అమ్మా, అందుకే సాక్ష్యం చెప్పలేకపోతున్నాను. లేచి నిలబడితే నోట్లోకి అవే మాటలు వస్తున్నాయి.

జూలైలో ఒక జంట ఇల్లు చూడటానికి వచ్చారు. ఫణిభూషణ్, శ్రీదివ్య. భీమవరం వైపు వాళ్ళు. అతను శామీర్‌పేట దగ్గర ఒక మందుల కంపెనీలో ఉద్యోగి. ఆమెకు అప్పుడు ఐదో నెల. మా దగ్గర ఐదో అంతస్తే ఖాళీగా ఉంది. మెట్ల వైపు చూసి వద్దంటారనుకున్నాను. ఆ పిల్ల ఫోన్ తీసి నాకే చూపించింది.

"ఈ పెద్దావిడ రాసింది చదివాకే ధైర్యం వచ్చిందండీ. మోకాళ్ళ నొప్పులతో ఐదో అంతస్తులో ఉంటున్నారట, లిఫ్టు ఒక్కరోజు కూడా ఆగలేదట. మా అమ్మ దగ్గర లేదు కదండీ, ఇలాంటావిడ పక్కనుంటే ఎంత బావుంటుందో. ఏ ఫ్లాటండీ వాళ్ళది?"

ఆ పెద్దావిడ నేను రాసిన మనిషే. "ఊరికి పోయింది మేడం, బిడ్డ దగ్గరికి" అన్నాను.

ఆ తర్వాత నేను ఎప్పుడు కనిపించినా ఒకటే ప్రశ్న. "ఆవిడ వచ్చారా అండీ?" ఒకసారి వాళ్ళమ్మ పంపిన సున్నుండలు డబ్బాలో పెట్టి ఇచ్చింది, ఆవిడ వస్తే ఇమ్మని. ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాను. భవిత తినేసింది. నేను ముట్టుకోలేకపోయాను.

మన ఎడ్వర్డ్ గుర్తున్నాడా, పాటలకు డోలక్ వాయించేవాడు? ఇప్పుడు లిఫ్టు మెకానిక్. దసరాకు ముందు వచ్చి చూసి, "అక్కా, బ్రేకు పూర్తిగ అరిగింది. కొత్తది ఏసేదాక బంద్ వెట్టుండ్రి, నడిపితే జారుతది" అన్నాడు. నేను వెంటనే లిఫ్టు ముందు బోర్డు పెట్టించాను. సార్ మండిపడ్డాడు. "తీసెయ్ దాన్ని! ఇండ్లు సూడనీకి వచ్చెటోళ్ళు బోర్డు సూసి వాపస్ పోతరు. దీపావళి దాటినంక ఏపిద్దాం తియ్." బోర్డు నా చేతులతోనే తీశాను.

మొన్న మంగళవారం పగలు పదకొండింటికి లిఫ్టు జారింది. లోపల శ్రీదివ్య ఒక్కతే. మూడో అంతస్తు దగ్గర జారి, రెండుకూ ఒకటికీ మధ్య ఆగింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. ఆ తర్వాత ఆ పిల్ల అరుపు. ఎడ్వర్డ్ వచ్చి తలుపు తెరిచేదాకా కటకటాల సందులోంచి దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, నాకు తెలిసిన ప్రార్థన ఒక్కటీ గుర్తుకు రాలేదు. ప్రభువు దయ, లోపలి బిడ్డకు ఏమీ కాలేదన్నారు డాక్టరు. మెట్లు మాత్రం ఎక్కొద్దు, దిగొద్దు అన్నారు. ఆ సాయంత్రం నలుగురు మోసుకుని ఎలాగో పైకి చేర్చారు. ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తోంది.

బుధవారం సార్ వచ్చాడు. ఎడ్వర్డును పిలిపించలేదు. ఎర్రబట్టలో నిమ్మకాయలు కట్టించి, కొబ్బరికాయ కొట్టించి, లిఫ్టు స్విచ్ వేయించాడు. "మంచిగయిందని కిరాయిదార్ల ఫోన్ గ్రూపుల వెట్టు" అన్నాడు నాతో. పెట్టానమ్మా. బ్రేకు మార్చలేదని తెలిసీ, లిఫ్టు రిపేరు పూర్తయింది అని నా వేళ్ళతోనే రాసి పెట్టాను. మేముంటున్న గది కూడా సార్‌దే, కాదంటే సాయంత్రానికి రోడ్డు మీద ఉంటాం. ఆ క్షణంలో నాకు అదొక్కటే కనిపించింది. ఐదు నిమిషాల్లో ఫణిభూషణ్ జవాబు పెట్టాడు. "థాంక్యూ అండీ. సోమవారం తనకి చెకప్ ఉంది, ఎలా దింపాలా అనుకుంటున్నాం. మంచి కబురు చెప్పారు."



నిన్న శుక్రవారం పొద్దున్నే సార్ ఆఫీసులోకి వచ్చి ఫోన్ నా ముందు పడేశాడు. "ఎవరమ్మా గిది రాసింది? మొన్నటిదాక ఐదు నక్షత్రాలిచ్చిన ముసల్దే ఒక్కటి చేసింది. లిఫ్టు బ్రేకు అరిగింది, ఎక్కకుండ్రి అని రాసింది. గీ ముసల్ది ఏ ఫ్లాట్ల ఉంటది?"

రిజిస్టరు తిరగేశాం. ఆ పేరు లేదు. నేను కొన్ని పేర్లు కల్పించానని ఆయనకు తెలుసు. వాటిలో ఏవి నావో ఏవి నిజమైన మనుషులవో ఎన్నడూ అడగలేదు. నేను రిజిస్టరు మూసి పక్కన పెట్టాను. ఆయన తానే తేల్చేశాడు. "గా భీమవరపోడే. దొంగ పేరు వెట్టుకొని రాసిండు. ఐతారం పొద్దుమీకేదాక టైమిస్త. ఖాళీ చెయ్యకపోతే నల్లా బంద్, సామాను సడక్ మీద." రేపు ఆదివారం సాయంత్రమే ఆ గడువు. తలుపు దగ్గర నిలబడ్డ ఆయన మనుషులిద్దరూ తలూపారు. పోయిన ఏడాది నలుగురు బ్యాచిలర్ పిల్లల సామాను వాళ్ళు పై అంతస్తు నుంచి ఎలా విసిరారో నేను కళ్ళారా చూశాను.

ఇంతవరకూ ఆ పెద్దావిడ పేరు రాయకుండా దాటేశాను. నువ్వు ఎప్పుడో కనిపెట్టి ఉంటావు. ఆమె పేరు సుందరమ్మ.

నీ పేరేనమ్మా. లిఫ్టు గురించి నమ్మకంగా ఎవరితో చెప్పించాలా అని ఆలోచిస్తుంటే, నువ్వు మెట్టుమెట్టుకూ ఆగి మోకాలు పట్టుకుని "యేసయ్యా" అనడం గుర్తొచ్చింది. నీ నొప్పి రాశాను, నీ మాట రాశాను, నీ పేరు పెట్టాను. అన్ని అబద్ధాల్లోకీ బాగా కుదిరింది అదే. గురువారం ఆ ఐదు నక్షత్రాలను ఒకటి చేసి నిజం రాసింది కూడా నేనే. అప్పుడూ నీ వెనకే దాక్కున్నాను. నా తప్పు ఇప్పుడు ఇంకొకరి మెడకు చుట్టుకుంది.

నిన్న మధ్యాహ్నం ఐదు అంతస్తులూ మెట్లెక్కి వెళ్ళి శ్రీదివ్యకు అంతా చెప్పేశాను. బ్రేకు సంగతి, గ్రూపులో పెట్టిన అబద్ధం, సార్ బెదిరింపు. సుందరమ్మ ఏ ఫ్లాటులోనూ లేదని, ఆమె మా అమ్మ అని, జోగిపేటలో ఉంటుందని చెప్పాను. తిడుతుందనుకున్నాను, తలుపు వేసేస్తుందనుకున్నాను. ఆ పిల్ల కడుపు మీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"మీ అమ్మగారికి నిజంగానే మోకాళ్ళ నొప్పులా అండీ?"

అవునన్నాను.

"మరి ఆవిడే ఇక్కడికొస్తే, ఆ లిఫ్టు ఎక్కించేవారా?"

ఆ పిల్ల లేచి, మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది. ఆ నీళ్ళు తాగడానికి కూడా ధైర్యం చాలలేదు.

ఈరోజు పొద్దున స్టీఫెన్‌కు చెప్పాను. అతనికీ భయమేసింది, దాచుకోవడం రాదుగా అతనికి. "సోమవారం ఎడ్వర్డును పిలుద్దాం. ఆమెను కుర్చీల కూసోబెట్టి దింపుదాం. కుర్చీ గట్టిది సూడాలె" అన్నాడు. ఆ తర్వాత మా గిన్నెలు సంచిలో సర్దడం మొదలుపెట్టాడు. భవిత ఎక్కడికి పోతున్నామని అడిగితే, దాని పుస్తకాలు కూడా తెచ్చుకోమన్నాను.

నేను టవర్స్‌కు వెళ్ళాను. లిఫ్టు కిందే ఉంది, లోపల ఎవరూ లేరు. చూసుకుని పైకి మెట్లెక్కాను. లిఫ్టు మోటారుండే పై గది తాళంచెవి నా దగ్గరే ఉంటుంది, దానికి జత లేదు. మెయిన్ స్విచ్ దించి, తాళం వేసి వచ్చాను. నిమ్మకాయల పక్కన కాగితం అంటించాను, బ్రేకు మార్చేదాకా లిఫ్టు నడవదని, సంతకం పెట్టి. అదే ఫోటో తీసి గ్రూపులో పెట్టాను, బుధవారం నేను పెట్టింది అబద్ధమని కూడా రాశాను. మునిసిపాలిటీకి ఒక ఫిర్యాదు రాసి ఇచ్చాను. ఆఖరుకు ఫోన్ తెరిచి ఆ ఒక్క నక్షత్రం మీద నీ పేరు తీసేశాను. కింద నా పేరు ఉంది, పూర్తి పేరు. ఫణిభూషణ్ కాదు రాసింది, నేను అని కూడా ఉంది. మిగతా మంచి మాటలన్నీ చెరిపేశాను. రెబెక్కాకూ బాలమణికీ రేపు మందిరంలో నేనే చెప్పుకుంటాను. నువ్వు అడిగిన సాక్ష్యం కూడా రేపే. ఈసారి కష్టం వరకే ఉంది, మేలు దగ్గరికి ఇంకా రాలేదు.

సార్ పూజ ముగించుకుని పదకొండింటికి ఫోన్ చూస్తాడు. గోడ గడియారంలో ఇప్పుడు పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువ. నాకు చాలా భయంగా ఉందమ్మా. చిన్నప్పుడు ఉరిమితే నీ కొంగులో తల దూర్చేదాన్ని, ఇప్పుడు ఆ కొంగు జోగిపేటలో ఉంది.

ఈ కవరులో గట్టిగా తగిలేది లిఫ్టు గది తాళంచెవి. నా దగ్గర ఉంటే, ఆయన ఎదురుగా నిలబడి అడిగితే, నేను ఇచ్చేస్తాను. నన్ను నేను ఎరుగుదును. అందుకే రిజిస్టరు పోస్టులో నీకు పంపుతున్నాను. తాళం పగలగొడితే మూడు బ్లాకుల వాళ్ళూ చూస్తుండగా పగలగొట్టుకోవాలి. ఎడ్వర్డ్ కొత్త బ్రేకు వేశానని నీకు తానే రాస్తేనే తాళంచెవి పంపు. నేను రాసినా పంపొద్దు.

మోకాళ్ళకు నూనె రాసుకోవడం మానకు. ఫోన్ మోగుతోంది. సార్ పేరే కనబడుతోంది. కవరు అంటించి, ఎత్తుతాను.

ఇట్లు,
నీ పేరు నీకు తిరిగి ఇచ్చేస్తున్న
నీ పెద్ద బిడ్డ,
క్రిస్టీనా