మిట్ట మీద ఆగిపోయాం

రామాంజీ,

నువ్వు చనిపోయాక మొదటిసారి, నిన్న ఆదివారం మళ్లీ సైకిళ్లు తీశాం. బట్టల కొట్టు ఖాదర్, పంతులు ఓబులేసు, నేను. టవర్ క్లాక్ దగ్గర కలుసుకుని, పాతూరు సందులన్నీ తిరిగి, ఉగ్గాని బజ్జీ తిని, తీరిగ్గా ఊరి బయటి మిట్ట ఎక్కాం.

పైకి చేరగానే అలవాటుగా దిగి నిలబడ్డాం. ఎప్పుడూ అందరికన్నా వెనక వచ్చేది నువ్వే కదా. రొప్పుకుంటూ వచ్చి, ఆలస్యం మాదే అయినట్టు, "ఏమప్పా, ఇంకా ఈడనే ఉండారా? పాండి పాండి" అని మమ్మల్నే గదమాయించేవాడివి. ఆ మాట విన్నాకే మేం మళ్లీ సైకిళ్లెక్కేవాళ్లం.

నిన్న ఆ మాట అనడం ఎవరివల్లా కాలేదు. ఖాదర్ నీళ్లు తాగాడు, కాసేపాగి మళ్లీ తాగాడు. ఓబులేసు బాగానే ఉన్న చెయిన్ను సవరిస్తూ కూర్చున్నాడు. నేను "పాండప్పా" అనబోయి, ఎండ ఎక్కువైందన్నాను.

గొర్రెలు తోలుకుపోతున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి ఆగాడు.

"ఎవురి కోసరం కాసుకోని ఉండారప్పా?"

ఖాదర్ చెప్పాడు. "మావాడొకడు వెనక వస్తాండాడు తాతా."

ముసలాయన చెయ్యి అడ్డం పెట్టుకుని కిందికి చూశాడు. "దావలో ఎవురూ లేరే" అని గొర్రెల వెంట వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కూడా చాలాసేపు అక్కడే ఉన్నాం. చివరికి మిట్ట దాటలేక, నువ్వు ఎక్కివచ్చే వైపే దిగాం. బ్రేకులు పట్టుకుని, మెల్లగా.