సున్నా పడిన ఇళ్లు

జూన్ 4
ప్రొఫెసర్ పోస్టుకి ఫైలు సిద్ధం చేస్తున్నా. రిసెర్చ్ పేపర్లు ముప్పై ఎనిమిది. వాటిని ఆధారంగా చూపిస్తూ వేరేవాళ్లు రాసినవి, అదే సైటేషన్లు, తొమ్మిది వందల పై చిలుకు. అందులో ఆరు వందలు ఒక్క పేపర్‌వే. మిగతా ముప్పై ఏడూ దాని కొంగు పట్టుకుని నడుస్తున్నాయి. ఊళ్లలో చిన్న హెల్త్ సెంటర్లు మూసేసినా పసిపిల్లల చావులు పెరగలేదని పన్నెండేళ్ల కిందట తేల్చిన పేపర్ అది. నా పరువంతా అదే.

మా ఆయన లిస్టు చూసి, ఇన్ని రాశావు, నాకర్థమయ్యేలా ఒక్కటైనా రాశావా అన్నాడు. కుళ్లు.

జూన్ 6
కమిటీకి కొత్త బుద్ధి పుట్టింది. ముఖ్యమైన పేపర్లకి ఒరిజినల్ డేటా కూడా జత చేయాలట. స్టోర్ రూమ్‌లోంచి ఆ పేపర్ తాలూకు సర్వే ఫారాల కట్టలు దింపించాను. తుమ్మీ తుమ్మీ ప్రాణం పోయింది.

జూన్ 7, ఉదయం 11
ఈ ఫారాల్లో ఎక్కువ భాగం నింపింది మా ఫీల్డ్ నర్సమ్మ. ఏడాదిలో చనిపోయిన పిల్లలెందరు అన్న గడిలో సున్నా. పక్కన రిమార్క్స్‌లో పెన్సిల్‌తో చిన్నగా "తాళం". ఇంకో ఫారం. సున్నా, తాళం. ఇంకోటి. మళ్లీ అదే. తాళం వేసిన ఇంట్లో ఎవరిని అడిగి సున్నా వేసింది?

కంప్యూటర్లోకి మేం ఎక్కించింది అంకెలే. పెన్సిల్ రాతలు ఎవరు చూశారు?

నర్సమ్మని తిట్టుకోబోయి ఆగాను. ఏ గడీ ఖాళీగా వదలొద్దు, ఏమీ లేకపోతే సున్నా వేయండి అని ట్రైనింగ్‌లో బోర్డు మీద రాసింది నేనే. ఖాళీ ఉంటే సాఫ్ట్‌వేర్ తీసుకోదని. ఆవిడ బుద్ధిగా వేసింది.

జూన్ 8
తాళాలు లెక్కపెడుతున్నా.

జూన్ 9
సెంటర్ మూసేసిన ఊళ్లలో మూడు వేల ఇళ్లకి ఆరు వందలు తాళం. సెంటర్ ఉన్న ఊళ్లలో అన్నే ఇళ్లకి నలభై. అన్నిట్లోనూ ఎవరూ చనిపోలేదని నేను ప్రపంచానికి చెప్పాను.

జూన్ 10
నర్సమ్మ ఇంటికెళ్లాను. రిటైరయిపోయింది. మోకాళ్లకి నూనె రాసుకుంటోంది. ఇన్నాళ్లకి గుర్తొచ్చానా మేడమ్ అని దెప్పింది. ఫారం ఇస్తే కళ్లజోడు పెట్టుకుని తన చేతిరాత చూసి తనే మురిసిపోయింది. ఆ ఇళ్లకి మళ్లీ వెళ్లలేదా అన్నాను. రోజుకి ముప్పై ఇళ్లవ్వాలని మీరే అన్నారుగా అంది. నిజమే, అన్నాను.

పనులకి పోయుంటారేమో అన్నాను, ఆశగా.

"కొందరు పోయుంటారమ్మా. అది జ్వరాల నెల. ఊళ్లో సెంటర్ లేదుగా, బిడ్డల్ని ఎత్తుకుని పెద్దాసుపత్రికి పోయినవాళ్ల ఇళ్లే ఎక్కువ. కొంతమంది బిడ్డ లేకుండా తిరిగొచ్చారు."

అప్పుడే ఎందుకు చెప్పలేదని అరిచాను. అరవాల్సింది కాదు. మీరు అడగలేదు అంది, కోపమేమీ లేకుండా. మంచినీళ్లిచ్చింది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

జూన్ 11
పెద్దసారుకి చెప్పాను. ఒకప్పటి నా గైడు, ఆ పేపర్‌లో రెండో పేరు ఆయనదే. సాంతం విన్నారు. తాళం వేసిన ఇళ్లు తీసేసి లెక్క కడితే ఎంతొస్తోంది అన్నారు. సెంటర్ మూసిన ఊళ్లలో చావులు నాలుగో వంతు ఎక్కువ, ఆ ఇళ్లలో ఎంతమంది పోయారో దేవుడికే తెలియాలి అన్నాను. పేపర్ వెనక్కి తీసుకుంటే ప్రొఫెసర్ పోస్టు దేవుడెరుగు, ఉన్న కుర్చీ కూడా ఉండదన్నారు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

జూన్ 13
ఫైల్లో ఒక పేజీ ఉంది. మీ పరిశోధన వల్ల సమాజంపై పడిన ప్రభావం, రెండు వందల మాటల్లో. పోయిన వారమే నింపేశాను. "నూట పన్నెండు ఆరోగ్య కేంద్రాల క్రమబద్ధీకరణకు దోహదపడింది" అట. క్రమబద్ధీకరణ! మూసేశారు అని రాయడానికి కూడా నోరు రాలేదు నాకు. ఈ చేతులతోనే టైప్ చేశాను.

ఇప్పుడా గడి ఖాళీ చేశాను. కంప్యూటర్ తీసుకోవట్లేదు.

జూన్ 16
పేపర్ వెనక్కి తీసుకోమని, దాన్ని అచ్చేసిన జర్నల్‌కి ఉత్తరం పంపేశాను. తప్పు నాదేనని, నర్సమ్మది కాదని రాశాను. మా ఆయనకి చెప్పాను. అన్నం పెట్టాడు. తినలేకపోయాను.

సెప్టెంబర్ 2
పేపర్ రిట్రాక్ట్ చేశారు. ప్రతి పేజీ మీదా అడ్డంగా, వెనక్కి తీసుకున్నాం అని ఎర్రక్షరాలు వేశారు. పోస్టు వేరేవాళ్లకిచ్చారు. పెద్దసారు ఫోన్ ఎత్తట్లేదు. కానీ పోనీ, ఇక ఎవరూ దాన్ని నమ్మరు. ఆ ఒక్కటి చాలు.

డిసెంబర్ 19
వెనక్కి తీసుకున్నాక ఆ పేపర్‌కి వచ్చిన సైటేషన్లు ఇరవై ఏడు. అందులో ఒకటి ప్రభుత్వ ఉత్తర్వు. ఇంకో నలభై సెంటర్లు మూసేస్తున్నారు. ఆధారం అని కింద నా పేరు వేశారు, ఇంటిపేరుతో సహా, ఒక్క తప్పు లేకుండా.